రెండో గోల్‌కీపర్ వాటా

(బెంగళూరులో తెలుగు యౌవనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తల్లులకు, మరీ ముఖ్యంగా వెనుక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న తమ్ముళ్లకు వందనాలు. పర్వాలేదు, చూసుకోండి. ఇవాళ మీ ఫోన్‌తో పని ఉంది.

'ఆటలు, విశ్వాసం' మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఈ అంశం అనగానే పాస్టర్లందరం ఎరిక్ లిడెల్ దగ్గరికి పరుగెడతాం. 1924 పారిస్ ఒలింపిక్స్, ఆదివారం పరుగెత్తనన్న యౌవనుడు, 400 మీటర్లలో బంగారు పతకం. మంచి కథే. మీరు సండే స్కూల్లోనే విన్నారు, మీ పిల్లలు కూడా వింటారు. నేను మాత్రం గెలిచినవాళ్ల గురించి కాకుండా, గెలిచినవాళ్ల పక్కన నిలబడిన ఒకామె గురించి చెబుతాను.

ఫోన్ తీసి 'ఎతిమరపు రజని' అని వెతకండి. ఇంతకుముందే ఈ పేరు తెలిసినవాళ్లు చేతులెత్తండి. ఇద్దరు. ముగ్గురు. సరే. పి.వి. సింధు తెలిసినవాళ్లు? చూశారా, చేతులు దించమన్నా దించరు.

రజని 1990 జూన్ 9న పుట్టింది. ఊరు ఎనుమలవారిపల్లె, ఎర్రావారిపాళెం మండలం. అప్పట్లో చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. బెంగళూరులో ఉన్న మనలో చాలామందికి ఆ దారి తెలుసు, సెలవులకు బస్సెక్కి వెళ్లే దారే. హాకీ ఆడే ఊళ్లు ఎక్కువగా లేని ఆ ప్రాంతం నుంచి ఒక అమ్మాయి భారత మహిళా హాకీ జట్టులో గోల్‌కీపర్ అయింది. 2009 నుంచి దేశం తరఫున ఆడింది. ఆమె ఆట జీవితంలో ఎక్కువ భాగం నడిచింది ఎక్కడనుకుంటున్నారు? ఇక్కడే. మైసూరు రోడ్డు పక్కన జ్ఞానభారతి దగ్గర స్పోర్ట్స్ అథారిటీ కేంద్రం ఉంది కదా, జాతీయ హాకీ శిబిరాలు జరిగేది అక్కడే. మీలో కొందరు రోజూ కెంగేరి బస్సులో ఆ గేటు ముందు నుంచే వెళుతుంటారు.

హాకీలో గోల్‌కీపర్ పని ఏమిటో కాస్త చెప్పనివ్వండి. ఆ పని తెలియకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. గోల్ వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. బంతి బరువు 160 గ్రాముల చుట్టూ ఉంటుంది, రాయిలా గట్టిది. పెనాల్టీ కార్నర్ వచ్చిందంటే గోల్‌కీపర్, ఆమెతోపాటు నలుగురు డిఫెండర్లు గోల్ లైన్ వెనుక నిలబడాలి. ఎదురుగా అవతలి జట్టు మొత్తం ఉంటుంది. బంతి కదలగానే ఈ అయిదుగురూ దానికి ఎదురు పరుగెత్తాలి. బాగా ఆడే డ్రాగ్ ఫ్లిక్కర్ కొట్టిన బంతి గంటకు వంద కిలోమీటర్లు దాటి వస్తుంది. మామూలు మనిషి బుద్ధి బంతి నుంచి తప్పుకోమంటుంది, ఈ పని బంతికి అడ్డం పొమ్మంటుంది. అరవడం కూడా ఆమె పనే. మైదానం మొత్తం కనిపించేది గోల్‌కీపర్ ఒక్కదానికే గనక, ఎవరు ఖాళీగా ఉన్నారో, ఎవరిని పట్టుకోవాలో వెనుక నుంచి ఆమే చెబుతుండాలి. ముందు ఆడేవాళ్లకు ఆ గొంతు వినిపిస్తుంది. టీవీ చూసే మనకు వినిపించదు.

ఇంకో సంగతి. ఫార్వర్డ్ ఆటగాళ్లను మార్చుతూ ఉంటారు, నిమిషాల లెక్కన అందరికీ వంతు వస్తుంది. గోల్‌కీపర్ కుర్చీ మాత్రం ఒక్కటే. మొదటి గోల్‌కీపర్ బాగుంటే రెండో గోల్‌కీపర్ బెంచీ మీదే ఉండాలి.

రజనికి ముందున్న మొదటి గోల్‌కీపర్ ఎవరు? సవిత. హర్యానాలోని సిర్సా జిల్లా జోధ్‌కాన్ గ్రామం. ప్రపంచంలోనే మంచి గోల్‌కీపర్‌గా అంతర్జాతీయ సమాఖ్య నుంచి 2021, 2022, 2023లో వరుసగా మూడేళ్లు అవార్డు తీసుకున్న మనిషి. ఆమె పుట్టింది 1990 జూలై 11న. అంటే రజని కంటే నెల రోజులు చిన్నది. ఇది ఆలోచించండి. ముందున్నామె పెద్దదైతే, ఆమె రిటైరయ్యాక నా వంతు వస్తుందని ఎదురుచూడొచ్చు. ఒకే నెల అటూ ఇటూ పుట్టిన ఇద్దరి మధ్య ఆ ఆశకు చోటేది? సవిత గొప్పదనంలో తప్పేమీ లేదు. ఆ స్థానం ఆమె సంపాదించుకున్నదే. కానీ రజని తెల్లారి లేచి, అదే హెల్మెట్, అదే ఛాతీ గార్డు, కాళ్లకు అవే ప్యాడ్లు, కిక్కర్లు కట్టుకుని, అదే బంతికి అడ్డం నిలబడింది. సవితతో సమానంగా. ఏడాది తర్వాత ఏడాది.

2017లో జపాన్‌లో ఆసియా కప్. ఫైనల్లో చైనా మీద షూటౌట్‌లో 5-4తో గెలిచారు. జట్టులో రజని ఉంది. 2018 లండన్ ప్రపంచ కప్‌లో ఉంది. అదే ఏడాది ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చిన జట్టులో ఉంది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టులో ఉంది. ఇవన్నీ 18 మంది వెళ్లే పోటీలు. 18 మందిలో ఇద్దరు గోల్‌కీపర్లకు చోటుంటుంది.

ఒలింపిక్స్ అలా కాదు. అక్కడ హాకీ జట్టుకు 16 మందే. కోచ్‌లు ఆ 16లో రెండో గోల్‌కీపర్‌కు చాలాసార్లు ఒక చోటు ఖర్చు చేయరు. ఆట లెక్క ప్రకారం అది సరైన నిర్ణయమే కావచ్చు. కానీ ఆ లెక్క ఒక మనిషి జీవితం మీద ఎలా పడుతుందో చూడండి. 2016 రియోకు మన మహిళా జట్టు వెళ్లింది. 1980 తర్వాత మొదటిసారి, 36 ఏళ్లకు. ఆ జట్టు ప్రకటించినప్పుడు రజని పేరు స్టాండ్‌బై జాబితాలో ఉంది. తర్వాత టోక్యో. కోవిడ్ వల్ల 2021లో జరిగింది. రజని రిజర్వు గోల్‌కీపర్‌గా వెళ్లింది. మన జట్టు క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను 1-0తో ఓడించిన రోజు దేశమంతా సవిత పేరు చెప్పుకుంది. చెప్పుకోవాల్సిందే, ఆమె ఆ రోజు గోడలా నిలబడింది. కానీ ఆ గోడను రోజూ బెంగళూరు మైదానంలో పోటీపెట్టి గట్టిచేసిన మనిషి ఎవరు?

ఇక్కడ మన బోధకులు సాధారణంగా ఏం చెబుతారో నాకు తెలుసు. 'ఓపిక పట్టు, దేవుని సమయం వస్తుంది.' మన సంఘాల్లో ఈ మాట ఎవరికి చెబుతామో ఎప్పుడైనా గమనించారా? ఉద్యోగం రాని పిల్లాడికి చెబుతాం. కట్నం దగ్గర సంబంధం ఆగిపోయిన అమ్మాయికి చెబుతాం. జీతం పెంచమని అడిగిన చర్చి వాచ్‌మన్‌కు చెబుతాం. జీతం ఇచ్చేవాడికి మాత్రం ఎవరూ చెప్పరు. ఓపిక మంచి గుణమే, వాక్యంలో ఉంది. కానీ ఒకరి ఓపిక మీద ఇంకొకరు ఇల్లు కట్టుకుంటుంటే ఆ ఓపికను పొగడటం వాక్యం పని కాదు. అందుకని రజని కథను ఓపిక కథగా చెప్పను. వాటా కథగా చెబుతాను.

మొదటి సమూయేలు 30వ అధ్యాయం తీయండి. కథ మీకు తెలుసు. దావీదు, అతని 600 మంది సిక్లగుకు తిరిగొస్తే ఊరు కాలిపోయి ఉంది. అమాలేకీయులు భార్యలను, పిల్లలను ఎత్తుకుపోయారు. జనం ఏడ్చి ఏడ్చి, చివరికి దావీదునే రాళ్లతో కొట్టాలనుకున్నారు. అక్కడి నుంచి వెంటబడ్డారు. బెసోరు వాగు దగ్గరికొచ్చేసరికి 200 మంది ఇక నడవలేక ఆగిపోయారు. మిగతా 400 మంది వెళ్లారు. దారిలో పొలంలో పడి ఉన్న ఒక ఐగుప్తు యువకుడు దొరికాడు. జబ్బుపడ్డాడని అతని యజమాని వదిలేసి పోయిన దాసుడు. మూడు రోజులుగా తిండి లేదు, నీళ్లు లేవు. తిండి పెట్టి, నీళ్లిచ్చి లేపాక అతనే దారి చూపించాడు. మనం ఈ కథ చెప్పేటప్పుడు ఈ దాసుణ్ణి దాటేసి యుద్ధంలోకి దూకుతాం. పారేసిన పనివాడు దారి చూపకపోతే ఆ యుద్ధమే లేదు.

గెలిచి తిరిగొచ్చారు. వాగు దగ్గర ఆ 200 మంది ఎదురొచ్చారు. అప్పుడు వెళ్లినవాళ్లలో కొందరు లేచి, వీళ్లు మాతో రాలేదు, వీళ్లకు దోపుడు సొమ్ములో ఏమీ ఇవ్వం, భార్యా పిల్లల్ని తీసుకుని పొమ్మనండి అన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి వెళ్లినవాడి వాటా ఎంతో, సామాను దగ్గర ఉన్నవాడి వాటా అంతే అన్నాడు. ఆ రోజు నుంచి దాన్ని ఇశ్రాయేలులో కట్టడగా పెట్టాడు.

ఇందులో ఒక చిన్న సంగతి ఉంది. సెమినరీలో చదివే రోజుల్లో నేను దీని మీద చాలాసేపు ఆగిపోయాను. కథ చెప్పే రచయిత ఆ 200 మంది గురించి, అలసిపోయి వాగు దాటలేనివాళ్లు అని రాస్తాడు. రెండుసార్లు అలాగే రాస్తాడు. దావీదు మాట్లాడేటప్పుడు మాత్రం, సామాను దగ్గర ఉన్నవాళ్లు అంటాడు. అవే కాళ్లు, అదే వాగు, వాళ్లే మనుషులు. కానీ దావీదు వాళ్లను చేతకానివాళ్లు అనలేదు. వాళ్లు చేసిన పనికి ఒక పేరు పెట్టాడు. సామాను కాపలా కూడా యుద్ధంలో పనే. ఎవరో కాపలా ఉన్నారు గనకే 400 మంది చేతులు ఖాళీగా పరుగెత్తారు.

(ఈ అధ్యాయంలో ఇబ్బంది కూడా ఉంది, దాచను. ఆడవాళ్లను, పిల్లలను సామానుతోపాటు లెక్కపెట్టారు. వాళ్లను అడిగినవాళ్లు లేరు. ఇది ఇంకో రోజు మాట్లాడుకోవాలి, మాట్లాడకుండా ఉండకూడదు.)

మళ్లీ రజని దగ్గరికి. టోక్యో అయిపోయాక 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఆమెను పిలిపించి సత్కరించారు. 25 లక్షల రూపాయలు, తిరుపతిలో 1,000 గజాల ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, నెలకు 40 వేల ప్రోత్సాహకం ప్రకటించారు. సంతోషం. కానీ ఆ రోజు ప్రకటనలో ఇంకొక వాక్యం ఉంది. ఆమెకు పాత బకాయి 67.50 లక్షలు కూడా విడుదల చేయాలన్నది ఆ వాక్యం. అంటే అంతకుముందు పతకాలకు మాటిచ్చిన డబ్బు ఇవ్వకుండా అలాగే ఉంది. కొత్త కానుక కంటే పాత బాకీ రెండున్నర రెట్లు పెద్దది! ఏ పార్టీ, ఎవరి హయాం అని ఇక్కడ వాదించుకోవద్దు, బయట టీ దగ్గర వాదించుకోండి. శాలువా కప్పడానికి ఒక్క నిమిషం చాలు. బిల్లు పాసవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో ఆమె ప్యాడ్లు కొనుక్కోవాలి, గ్లౌజులు కొనుక్కోవాలి, ఇంటికి డబ్బు పంపాలి. రేపు మీలో ఎవరైనా అధికారులవుతారు, ఫైలు మీ బల్ల మీదికి వస్తుంది. అప్పుడు బెసోరు వాగు గుర్తు చేసుకోండి.

రజని గురించి నేను ఎక్కడ మాట్లాడినా, అయిపోయాక ఒకరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడుగుతారు. 'అయ్యగారూ, మనవాళ్లేనా?' ఈ 'మనవాళ్లు' అంటే ఒక్కోసారి మతం, ఒక్కోసారి కులం, ఎక్కువసార్లు రెండూ. నేను జవాబు చెప్పను. నాకు ఆమె సంఘం ఏదో, కులం ఏదో అక్కర్లేదు. దావీదు ఆ 200 మందిలో యూదా గోత్రం ఎందరని లెక్కపెట్టలేదు.

ఈ ప్రశ్న ఎంత దూరం పోతుందో అదే టోక్యోలో చూశాం. వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో భారత మహిళా హాకీలో మొదటి హ్యాట్రిక్ అది. కొన్ని రోజుల తర్వాత సెమీఫైనల్లో జట్టు అర్జెంటీనా చేతిలో 1-2తో ఓడింది. హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, కులం పేరుతో తిట్టారు. దళితులు ఎక్కువై జట్టు ఓడిందన్నారని కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేసింది, కేసు నమోదైంది. ఒక దళిత అమ్మాయి మూడు గోల్స్ కొట్టినా వాళ్ల లెక్కలో రాలేదు, ఓడినప్పుడు మాత్రం లెక్కలోకి వచ్చింది. అదే జట్టు డిఫెన్స్‌లో ఒడిశా సుందర్‌గఢ్ నుంచి వచ్చిన దీప్ గ్రేస్ ఎక్కా ఉంది, జార్ఖండ్ ఖూంటీ నుంచి వచ్చిన నిక్కీ ప్రధాన్ ఉంది. ఆదివాసీ బిడ్డలు. రజని వెనుక నుంచి అరిచి పిలిచే పేర్లలో ఇవీ ఉన్నాయి. మైదానంలో బంతి వస్తున్నప్పుడు ఆ పేరు వెనుక కులం వెతికే తీరిక ఎవరికీ ఉండదు.

2024 జనవరి. రెండు ఊళ్లలో రెండు భారత జట్లు. రాంచీలో పెద్ద జట్టు, సవిత కెప్టెన్. పారిస్ ఒలింపిక్స్‌కు అర్హత పోటీ. చివరి మ్యాచ్‌లో జపాన్ చేతిలో 0-1తో ఓడి అవకాశం పోయింది. దేశమంతా బాధపడింది. అయిదు రోజుల తర్వాత మస్కట్‌లో హాకీ5ఎస్ ప్రపంచ కప్ మొదలైంది. హాకీ5ఎస్ అంటే గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురే ఆడే పొట్టి ఆట. చిన్న మైదానం, ఎక్కడి నుంచి కొట్టినా గోలే. గోల్‌కీపర్‌కు ఊపిరి తీసుకునే సమయం ఉండదు. ఆ మహిళా జట్టు కెప్టెన్ ఎవరు? మన రజని. సెమీఫైనల్లో దక్షిణాఫ్రికాను 6-3తో ఓడించారు. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడారు. వెండి పతకం. ఒక తెలుగు అమ్మాయి ప్రపంచ కప్ ఫైనల్‌కు భారత జట్టును కెప్టెన్‌గా నడిపించింది. మన పేపర్లలో ఆ వార్త ఎంత చిన్నదిగా వచ్చిందో, లేక ఎంత మంది పేజీ తిప్పేశారో, ఇందాక లేచిన చేతులే చెబుతున్నాయి.

ఇలాంటి పొట్టి ఆట ఇంకొకటి ఒలింపిక్స్‌కు వస్తోంది. 2023 అక్టోబరులో ముంబైలో ఒలింపిక్ కమిటీ సమావేశం జరిగింది. 2028 లాస్ ఏంజిల్స్‌కు క్రికెట్‌ను చేర్చారని మనం పండగ చేసుకున్నాం. అదే తీర్మానంలో లాక్రాస్ అనే ఆట కూడా ఉంది. చివర వల కట్టిన కర్రతో బంతిని పట్టి విసిరే ఆట. జట్టుకు ఆరుగురితో ఆడే పొట్టి రూపంలో వస్తోంది. ఈ ఆట తెల్లవాళ్లది కాదు. ఉత్తర అమెరికా మూలవాసులది. ముఖ్యంగా హోడెనొషోనీ అనే ఆరు జాతుల సమాఖ్య దీన్ని సృష్టికర్త ఇచ్చిన ఆటగా, రోగులకు స్వస్థత ఇచ్చే ఆటగా చూస్తుంది.

ఆ జనంలో సిడ్ స్మిత్ అనే డిఫెండర్ ఉన్నాడు. కెనడాలోని సిక్స్ నేషన్స్ ప్రాంతంవాడు. 2009లో అమెరికా కాలేజీల ఫైనల్లో సిరక్యూస్ తరఫున ఆడాడు. ఆట సమమై అదనపు సమయానికి వెళ్లింది. ప్రత్యర్థి కర్రలో ఉన్న బంతిని సిడ్ స్మిత్ కొట్టి పడేశాడు. ఆ బంతి ముందుకెళ్లి, అతని ఊరివాడే అయిన కోడీ జేమీసన్ దాన్ని గోల్‌లో వేశాడు. 10-9. గోల్ కొట్టినవాడి పేరు స్కోరు పుస్తకంలో పడింది. బంతి లాక్కున్నవాడి పేరు ఆట తెలిసినవాళ్లు చెప్పుకుంటారు. తర్వాత అతను వృత్తి లీగ్‌లో రోచెస్టర్ జట్టుతో 2012, 2013, 2014 మూడేళ్లూ వరుసగా టైటిల్ గెలిచాడు.

ఈ హోడెనొషోనీవాళ్లకు ప్రపంచ లాక్రాస్‌లో సొంత జట్టు ఉంది. 2010లో తమ సొంత పాస్‌పోర్టుతో మాంచెస్టర్ ప్రపంచ పోటీకి బయల్దేరితే బ్రిటన్ రానివ్వలేదు. ఒలింపిక్స్‌కు వెళ్లాలంటే దేశానికో ఒలింపిక్ కమిటీ ఉండాలంటారు, వాళ్లకు అది లేదు. ఆట పుట్టించినవాళ్లే ఆట గుమ్మం బయట నిలబడ్డారు. 2022లో అమెరికాలో జరిగిన వరల్డ్ గేమ్స్‌కు కూడా మొదట వీళ్లను పిలవలేదు. అప్పుడు ఐర్లండ్ జట్టు ఏం చేసిందో తెలుసా? తమకొచ్చిన స్థానం వదులుకుంది, ఆ స్థానంలో వీళ్లు ఆడారు. ఐర్లండ్ ఆటగాళ్లు ఎంత మంది బైబిల్ చదువుతారో నాకు తెలియదు గానీ, బెసోరు వాగు దగ్గర దావీదు చేసింది వాళ్లు చేశారు.

ఇక మన ఇంటి మాట కూడా చెప్పాలి. సిక్స్ నేషన్స్ పక్కనే బ్రాంట్‌ఫర్డ్‌లో మోహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే వసతి పాఠశాల ఉండేది. ఆంగ్లికన్ చర్చి ఎన్నో ఏళ్లు నడిపింది, 1970లో మూతపడింది. కెనడాలో ఇలాంటి బడుల్లో మూలవాసుల పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి, వాళ్ల భాష వాళ్ల నోట రాకుండా చేశారు. యేసు పేరు మీద. ఆ చర్చిలు తర్వాత బహిరంగంగా క్షమాపణ చెప్పాయి. మిషన్ బడుల వల్ల చదువుకున్న జాతి మనది. ఆ మేలు నేను కాదనను, మా ఇంట్లో మొదటి అక్షరం అలాగే వచ్చింది. కానీ అదే చర్చి ఇంకోచోట ఏం చేసిందో తెలుసుకోకుండా, మనకు జరిగిన మేలు మాత్రమే పాడుకోవడం సరిపోదు.

బెంగళూరుకు వద్దాం. 2020 లాక్‌డౌన్‌లో మహిళా హాకీ జట్టు ఈ ఊళ్లోనే, ఆ శిబిరంలోనే నెలల తరబడి ఇరుక్కుపోయింది. బయట వలస కూలీలు రోడ్ల మీద నడుస్తున్నారు. మే నెల మొదట్లో కర్ణాటక ప్రభుత్వం బిల్డర్లతో మాట్లాడి వలస కూలీల రైళ్లు ఆపింది, గొడవయ్యాక మళ్లీ వదిలింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో గేటు లోపల ఉన్న ఈ ఆటగాళ్లు ఆన్‌లైన్‌లో ఫిట్‌నెస్ పోటీ పెట్టి, 20 లక్షల రూపాయలకు పైగా పోగుచేసి వలస కూలీల సాయానికి ఇచ్చారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, ఒలింపిక్స్‌కు మూడు నెలల ముందు, ఇళ్ల నుంచి శిబిరానికి తిరిగొచ్చినప్పుడు ఏడుగురు ఆటగాళ్లకు కోవిడ్ తేలింది. అందులో కెప్టెన్ రాణీ రాంపాల్ ఉంది, సవిత ఉంది, రజని ఉంది. రోగానికి మాత్రం మొదటి కీపర్, రెండో కీపర్ తేడా లేదు.

అదే కోవిడ్‌లో ఈ నగరం చెత్త ఎత్తింది ఎవరు? పౌరకార్మికులు. పొద్దున్న అయిదున్నరకు మీ అపార్ట్‌మెంట్ ముందు ఊడ్చే అక్కతో ఒకసారి తెలుగులో మాట్లాడి చూడండి. చాలాసార్లు తెలుగులోనే జవాబు వస్తుంది. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి తరాల కిందట వచ్చిన దళిత కుటుంబాలు ఇందులో చాలా ఉన్నాయి. రజని ఊరి వైపువాళ్లే. ఏళ్ల తరబడి కాంట్రాక్టర్ల కింద పనిచేశారు. తర్వాత కార్పొరేషన్ నేరుగా జీతం ఇచ్చింది గానీ పర్మినెంట్ చేయలేదు. 2022 జూలైలో వర్షంలో ఫ్రీడమ్ పార్కులో సమ్మెకు కూర్చున్నారు. మూడేళ్ల తర్వాత, 2025 మే 1న, 12 వేల మందికి పైగా పర్మినెంట్ ఉత్తర్వులు అందుకున్నారు. దేవునికి స్తోత్రం, యూనియన్‌కు కూడా. చెత్త ఆటోల డ్రైవర్లు, లోడర్లు ఆ జాబితాలో లేరు. వాళ్లు ఇంకా వాగు ఇవతలే ఉన్నారు.

వాళ్లలో కొందరు మన సంఘాల్లోనే ఉన్నారు. ఆదివారం ముందు వరుసలో ఎవరు కూర్చుంటారో, చెప్పుల దగ్గర ఎవరు కూర్చుంటారో నేను చెప్పనక్కర్లేదు, మీకు కనిపిస్తూనే ఉంది. సంఘ కమిటీలో పౌరకార్మికులు ఎందరున్నారు? ఐటీవాళ్లు ఎందరున్నారు? లెక్కపెట్టి నాకు వాట్సాప్ చేయండి. నాకు తెలిసిన లెక్కే, మీ చేత్తో మీరు లెక్కపెట్టాలని అడుగుతున్నాను.

ఇక ఒక్క పని మాట. క్రిస్మస్‌కు ముందు మన యౌవనుల టోర్నమెంట్ ఉంది. అబ్బాయిల క్రికెట్, అమ్మాయిల త్రోబాల్. ప్రతి ఏడాదీ గెలిచిన జట్టుకు కప్పు, మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్‌కు బహుమతి, ముఖ్య అతిథికి శాలువా. ఈ ఏడాది బహుమతి డబ్బును జట్టు పేర్లు రాసుకున్న కాగితం ప్రకారం పంచాలని నేను ప్రతిపాదిస్తున్నాను. పదకొండు మందికి కాదు. పన్నెండో మనిషికి, పదమూడో మనిషికి, నీళ్ల సీసాలు మోసిన తమ్ముడికి, పొద్దున్నే మైదానంలో సున్నం గీత గీసినవాడికి, మధ్యాహ్నం పులిహోర కలిపిన అత్తమ్మలకు, అందరికీ ఒకే వాటా. మైదానం ఊడ్చే పౌరకార్మికురాలి పేరు కూడా ఆ కాగితంలో ఉండాలి. పేరు తెలియకపోతే వెళ్లి అడగండి. కొందరు పెద్దలు ఒప్పుకోరు, మంచి ఆటగాళ్లకు ఉత్సాహం పోతుందంటారు. వాళ్లు చెప్పేదీ వినండి.

కమిటీ వచ్చే ఆదివారం రెండో ఆరాధన అయ్యాక కూర్చుంటుంది. పేర్లు రాసుకుని రండి.